పసివారిపై నేరాలు – శిక్షల కాఠిన్యము: దిశ బిల్లు పూర్వాపరాలు

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' నాటకాన్ని మన విద్యార్థులు పాఠ్యభాగంగా చదువుతారు. గిరీశం సంభాషణలు కంఠస్థం చేసి వార్షికోత్సవాలలో ప్రదర్శిస్తారు. కాని 1897 నాటి ప్రథమ ముద్రణకు ఆయన ఆంగ్లంలో వ్రాసిన పీఠికను తెరచి చూచేవారు మిక్కిలి అరుదు. ఆ పీఠికలో ఒక లెక్క ఉన్నది. విజయనగర సంస్థానాధీశులు ఆనందగజపతి మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేండ్ల కాలంలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టికను తయారు చేయించగా, నమోదైనవే 1034 అని తేలినది. అందులో పెళ్ళికూతురి వయస్సు అయిదేండ్లయినవి 99. నాలుగేండ్లయినవి 44. మూడేండ్లవి 36. రెండేండ్లవి 6. ఏడాది పసికందుకు జరిగినవి 3.

ఈ లెక్కను నేను తరగతిలో నల్లబల్లపై వ్రాసిన ప్రతి సంవత్సరం తరగతి అంతా ఒక్క నిమిషం మాట్లాడదు. ఆ పట్టిక వేరే ఎక్కడిదో కాదు, మన జిల్లాది. విజయనగరం ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1979 లో. అంతవరకు అదీ విశాఖ జిల్లాలోని భాగమే. ఆ పట్టిక తయారు చేయించుటకు కారణం కూడ గమనింపదగినది. ఈ దురాచారాన్ని నిరోధించుటకు మద్రాసు శాసనసభలో ఒక బిల్లు ప్రతిపాదింపబడియుండెను. ఆ బిల్లు చట్టరూపం దాల్చలేదు. నాటకం మాత్రం నిలిచినది.

పసివారి రక్షణకై ఒక బిల్లు రావడం, సభలో కరతాళధ్వనులందుకోవడం, పిదప చట్టం కాకుండా ఆగిపోవడం మన ప్రాంతానికి కొత్త కాదని చెప్పుటకే ఇంత దూరం వెనుకకు వెళ్ళవలసి వచ్చినది. నూట ఇరువది యేండ్లు గడచిన తరువాత, 2019 డిసెంబరులో, మన రాష్ట్ర శాసనసభలో మరియొక బిల్లు వచ్చినది. దాని కథయే ఈ వ్యాసానికి విషయం.

ఈ విషయంపై వ్రాయుటకు నన్ను పురికొల్పినది మా కళాశాలలో జరిగిన ఒక వ్యాసరచన పోటీ. "బాలలపై నేరాలు – శిక్షలు" అన్నది శీర్షిక. వచ్చిన వ్యాసాలలో దాదాపు అన్నిటి సారాంశం ఒక్కటే: ఉరి తీయవలెను. కొందరు బహిరంగంగా తీయవలెనన్నారు. ఒక విద్యార్థి బీచి రోడ్డులో తీయవలెనని స్థలనిర్ణయం కూడ చేసినాడు. ఆ ఆవేశాన్ని నేను తప్పు పట్టను. ఆ వయస్సులో ఆ ఆవేశం లేకపోతేనే విచారించవలసిన విషయం. కాని ఒక కాగితం మాత్రం వేరుగా ఉన్నది. ఒక విద్యార్థిని అర పేజీ వ్రాసి ఆపివేసినది. అందులో ఒక వాక్యం: "ఉరి వేస్తారని తెలిస్తే మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అసలు చెప్పనివ్వరు సార్."

దిశ బిల్లు దగ్గరకు వచ్చెదము. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దేశాన్ని కదిలించివేసినవి. బాధితురాలి పేరు వెల్లడించరాదని చట్టం ఉన్నందున ఆమెకు పోలీసులు 'దిశ' అన్న మారుపేరు ఇచ్చిరి. డిసెంబరు 6 న నలుగురు నిందితులూ పోలీసుల కాల్పులలో మరణించిరి. ఆనాడు పోలీసులపై పూలు చల్లినవారున్నారు, మిఠాయిలు పంచినవారున్నారు. ఆ కాల్పులపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 లో బహిర్గతమైనప్పుడు, పోలీసులు చెప్పిన కథనం నమ్మదగినది కాదనీ, చంపవలెనన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగినవనీ అందులో ఉన్నది. ఆ నివేదిక చదివినవారు పూలు చల్లినవారిలో ఎందరో నాకు తెలియదు.

ఆ సంఘటన జరిగినది తెలంగాణలో. బిల్లు వచ్చినది ఆంధ్రప్రదేశ్‌లో. 2019 డిసెంబరు 13 న మన శాసనసభ రెండు బిల్లులను ఆమోదించినది. ఒకటి భారత శిక్షాస్మృతిని, నేరవిచారణ విధానాన్ని మన రాష్ట్రం మేరకు సవరించునది. రెండవది స్త్రీలపై, బాలలపై నేరాలకు జిల్లాకొక ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేయునది. జనసామాన్యంలో రెండింటికీ కలిపి 'దిశ చట్టం' అన్న పేరే స్థిరపడినది.

ఆ బిల్లులో ఏమున్నది? తిరుగులేని సాక్ష్యమున్న అత్యాచార కేసులలో దర్యాప్తు ఏడు పనిదినాలలో, విచారణ పదునాలుగు పనిదినాలలో, వెరసి ఇరువది యొక్క దినాలలో తీర్పు రావలెను. అప్పీలుకు అంతవరకున్న ఆరు మాసాల గడువు మూడు మాసాలకు తగ్గవలెను. అత్యాచారానికి మరణశిక్ష విధించు వీలు. సామాజిక మాధ్యమాల ద్వారా స్త్రీలను వేధించినవారికి మొదటిసారి రెండేండ్లు, మరల చేసిన నాలుగేండ్లు. శిక్షాస్మృతిలో 354 ఎఫ్, 354 జి అని కొత్త సెక్షన్లు చేర్చి, బాలలపై లైంగిక దాడికి జీవిత ఖైదు వరకు శిక్ష పెంచవలెనన్నది మన విషయానికి ముఖ్యమైన అంశం. నేరస్థుల పేర్లతో ఒక ఎలక్ట్రానిక్ పట్టిక కూడ ఉండవలెను.

ఈ చివరి అంశానికి ప్రాధాన్యం ఎందుకో తెలియవలెనన్న, అంతకు ముందున్న చట్టం ఏమిటో తెలియవలెను. 2012 నవంబరు 14 న, అనగా బాలల దినోత్సవం నాడు, లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం దేశమంతటా అమలులోకి వచ్చినది. దీనినే అందరూ పోక్సో అంటున్నారు. అంతకు పూర్వం ఇట్టి నేరాలకు ప్రత్యేక చట్టం గోవా రాష్ట్రంలో మాత్రమే, 2003 నుండి ఉన్నది. మిగిలిన దేశమంతటా పెద్దలకు ఉద్దేశించిన శిక్షాస్మృతి సెక్షన్లనే పసివారికీ వర్తింపజేయవలసి వచ్చేది. మగపిల్లలపై జరిగే నేరాలకు ఆ సెక్షన్లలో చోటు దాదాపు లేనేలేదు. ఇది చిన్న లోపం కాదు. కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ మంత్రిత్వ శాఖ 2007 లో ప్రచురించిన అధ్యయనంలో, పదమూడు రాష్ట్రాలలో ప్రశ్నింపబడిన 12,447 మంది బాలబాలికలలో 53.22 శాతం ఏదో ఒక రూపంలో లైంగిక దుర్వ్యవహారానికి గురియైనట్లు చెప్పిరి. వారిలో సగానికి పైగా బాలురు. ఈ బాధ అధికంగా కనుపించిన రాష్ట్రాల వరుసలో మన ఆంధ్రప్రదేశ్ ఉన్నది. ఆడపిల్లను మాత్రం జాగ్రత్తగా చూచుకొంటే చాలునని తలచే మన ఇండ్లలో ఈ అంకె ఇప్పటికీ ప్రవేశించలేదు.

పోక్సోలో నేరాలకు తరతమ భేదాలున్నవి. తీవ్రమైన దాడికి మొదట ఏడేండ్ల కనీస శిక్ష ఉండెను. పోలీసు, ఉపాధ్యాయుడు, ఆసుపత్రి సిబ్బంది, బంధువు మొదలైన నమ్మకస్తులు చేసిన, లేక పన్నెండేండ్ల లోపు వారిపై జరిగిన నేరానికి పదేండ్లు. 2018 జనవరిలో జమ్మూ ప్రాంతంలోని కథువాలో ఎనిమిదేండ్ల బాలికపై జరిగిన ఘోరం తరువాత, ఆ ఏప్రిల్‌లో ఒక ఆర్డినెన్సు ద్వారా, పన్నెండేండ్ల లోపు బాలికపై అత్యాచారానికి మరణశిక్షను శిక్షాస్మృతిలో చేర్చిరి. 2019 ఆగస్టులో పోక్సోనే సవరించి ఏడేండ్లను పదికి, పదహారేండ్ల లోపు వారి విషయంలో ఇరువదికి, నమ్మకద్రోహపు నేరాలకు ఇరువదేండ్లు మొదలుకొని మరణశిక్ష వరకు పెంచిరి. కాని తాకుట వంటి నేరాలకు మూడు నుండి అయిదేండ్లు, నమ్మకస్తుడు చేసిన అయిదు నుండి ఏడేండ్లు అన్నది మారలేదు. దిశ బిల్లు పెంచదలచినది ముఖ్యంగా ఈ మధ్యస్థపు శిక్షలను. దీనిలో ఒక సబబు ఉన్నదని నేను ఒప్పుకొంటాను. ఏడేండ్ల పసిదాని మనస్సులో మిగిలే గాయానికి, కొలిచి చూచిన, అయిదేండ్లు స్వల్పమే.

మరి బిల్లు ఏమైనది? మన రాజ్యాంగంలో నేరచట్టం, నేరవిచారణ విధానం రెండూ ఉమ్మడి జాబితాలోనివి. ఒకే విషయంపై పార్లమెంటు చేసిన చట్టం ఉండగా దానికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేయదలచిన, 254 వ అధికరణం రెండవ ఖండం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం ఉండితీరవలెను. బిల్లు ఢిల్లీకి వెళ్ళినది. కేంద్ర శాఖలు ఆక్షేపణలు తెలిపినవి. 2020 డిసెంబరులో మన శాసనసభ సవరించిన బిల్లును మరల ఆమోదించినది. ఆమోదముద్ర పడి అది చట్టంగా అమలులోకి రానేలేదు. ఈలోగా 2024 జులై 1 న భారత శిక్షాస్మృతియే రద్దయి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినది. 354 ఎఫ్ అన్న సెక్షన్‌ను చేర్చవలసిన గ్రంథమే లేకపోయినది. ఇల్లు పడగొట్టిన తరువాత గోడకు మేకు కొట్టినట్లయినది.

అయినను చాలామంది దిశ చట్టం ఉన్నదనే నమ్మిరి. దానికి కారణం లేకపోలేదు. చట్టం రాకముందే ఆ పేరు వచ్చినది. 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మొదటి దిశ పోలీసు స్టేషను ప్రారంభమైనది. తరువాత విశాఖలోనూ ఇతర జిల్లాలలోనూ వెలసినవి. దిశ యాప్ లక్షలాది ఫోన్లలోకి ఎక్కినది. ఇవన్నీ పరిపాలనా ఉత్తర్వులతో సాధ్యమైన పనులు. వానివల్ల మేలు జరగలేదని నేననను. ఆపదలో ఫోను ఊపగానే పోలీసు వచ్చిన సందర్భాలు పత్రికలలో చదివినాము. కాని ఆ స్టేషనులో నమోదయిన ప్రతి కేసూ పాత చట్టాల క్రిందనే నమోదయినది. ఇరువది యొక్క దినాలలో ఉరి అన్న మాట ఏ న్యాయస్థానంలోనూ చట్టం కాలేదు.

చట్టం అయి ఉంటే ఏమయ్యేది? ఇక్కడ వేగం, కాఠిన్యం అన్న రెండింటిని విడదీసి చూడవలెను.

మొదట వేగం. బిల్లు లేకుండనే వేగం సాధ్యమని రెండు ఉదాహరణలు మన తెలుగునేలపైనే ఉన్నవి. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది మాసాల పసికందుపై జరిగిన అఘాయిత్యం, హత్య కేసులో వరంగల్లు న్యాయస్థానం ఆగస్టు 8 న, అనగా రెండు మాసాలు నిండకుండనే, మరణశిక్ష విధించినది. ఆ నవంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం దానిని జీవితాంత కారాగారంగా మార్చినది. మన చిత్తూరు జిల్లాలో 2019 నవంబరులో ఒక పెండ్లికి వెళ్ళిన అయిదేండ్ల బాలికను హతమార్చిన కేసులో 2020 ఫిబ్రవరిలోనే తీర్పు వచ్చినది. రెండు కేసులలోనూ ఉన్నది పాత చట్టమే. పోలీసు, ప్రయోగశాల, ప్రాసిక్యూటరు, న్యాయమూర్తి అన్న నలుగురూ ఆ కేసును ముందు పెట్టుకొనిరి, అంతే.

మరి మిగిలిన కేసులు? 2019 లో సుప్రీంకోర్టు తనంత తానుగా ఈ విషయాన్ని చేపట్టి లెక్కలు తెప్పించగా, ఆ యేడు జనవరి 1 నుండి జూన్ 30 వరకు దేశంలో బాలలపై అత్యాచారాలకు సంబంధించి నమోదైనవి 24,212 అని తేలినది. విచారణ ఆరంభమైనవి 6,449. తీర్పు వచ్చినవి 911. చట్టంలో లేనిది కాఠిన్యం కాదు. పోక్సో 35 వ సెక్షను ప్రకారం పసివారి సాక్ష్యం ముప్పది దినాలలో నమోదు కావలెను, విచారణ ఏడాదిలో పూర్తి కావలెను. ఆ గడువు 2012 నుండి పుస్తకంలో ఉన్నది. ఏడాది గడువును నిలుపుకోలేని యంత్రాంగానికి ఇరువది యొక్క దినాల గడువు ఇచ్చిన ఏమి ప్రయోజనం? వయస్సు నిర్ధారణకు జనన ధ్రువపత్రమో, బడి పత్రమో తేవలెను; అవి లేని పక్షంలో ఎముకల పరీక్ష. ప్రయోగశాల నుండి డి.ఎన్.ఎ. నివేదిక రావలెను. నిందితునికి న్యాయవాదిని ఏర్పాటు చేయవలెను. ఆ న్యాయవాది కాగితాలు చదువుకొనవలెను. ఇవి జాప్యాలు కావు. ఇవి లేకుండ పడిన శిక్ష పై కోర్టులో నిలువదు. జిల్లాలో వందకు పైబడి కేసులున్నచోట పోక్సోకే ప్రత్యేకించిన న్యాయస్థానం కేంద్ర నిధులతో పెట్టవలెనని సుప్రీంకోర్టు ఆ జులైలో ఆదేశించినది. గడువును కుదించుటకన్న ఇది అవసరమైన పని అని నా అభిప్రాయం.

ఇక కాఠిన్యం. ఇక్కడనే ఆ విద్యార్థిని వ్రాసిన వాక్యం మరల గుర్తుకు వస్తున్నది. పిల్లలపై నేరం చేయువాడు చీకటి సందులో నిలబడిన అపరిచితుడని మన ఊహ. సినిమాలు చూపేది వానినే. జాతీయ నేర గణాంక సంస్థ ఏటేటా ప్రచురించే పట్టికలు మరొకటి చెబుతున్నవి: పోక్సో క్రింద నమోదైన తీవ్రమైన కేసులలో పదింట తొమ్మిదికి మించి నిందితుడు బాధితులకు తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, కుటుంబ స్నేహితుడు, పాఠం చెప్పేవాడు, ఆటో నడిపేవాడు. ఓడరేవు కూలీల పేటలో గాని, ఉక్కు కర్మాగారపు క్వార్టర్సులో గాని, పాత పట్టణపు ఇరుకు సందులలో గాని ఇదే మాట. ఆ మనిషి కొన్ని ఇండ్లలో అన్నం పెట్టే మనిషి కూడ. పిల్ల నోరు విప్పిన తండ్రికో బాబాయికో ఇరువదేండ్లు, లేదా ఉరి అని తెలిసినప్పుడు, తల్లి ఏమి చేస్తుంది? నానమ్మ ఏమి చేస్తుంది? తెలుగులో పరువు అన్నా, ఉర్దూలో ఇజ్జత్ అన్నా, ఆ క్షణంలో పిల్ల నోటిపై పడే చేయి ఒక్కటే. కేసు పెట్టిన తరువాత కూడ సాక్షులు మాట మార్చుటకు ఇదియే ముఖ్య కారణం. కనీస శిక్ష ఎంత పెద్దదైతే న్యాయమూర్తికి మధ్యేమార్గం అంత తక్కువ. ఇరువదేండ్లు వేయుటకు మనస్సొప్పక సంశయలాభంతో విడిచిపెట్టుట ఒక్కటే మిగులుతుంది.

మరొక భయం కూడ ఉన్నది. దాడికీ హత్యకూ ఒకే శిక్ష అయినప్పుడు, ఏకైక సాక్షి అయిన పసివాడిని బ్రతకనిచ్చుటలో నేరస్థునికి లాభమేమి? అమెరికా సుప్రీంకోర్టు 2008 లో లూసియానా రాష్ట్రపు చట్టాన్ని కొట్టివేసినప్పుడు, ప్రాణం తీయని నేరానికి ప్రాణం తీయరాదన్నది ప్రధానమైన మాట. ఫిర్యాదులు అణగిపోవచ్చునన్న భయాన్నీ, పై లాభనష్టాల లెక్కనూ కూడ అది పరిశీలించినది. అక్కడ కూడ వివాదం ముగియలేదు. 2023 లో ఫ్లారిడా, 2024 లో టెన్నెసీ మరల అట్టి చట్టాలే చేసినవి. మన దేశంలో 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ శిక్షలు పెంచవలెనన్నది కాని అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు. శిక్ష ఎంత క్రూరమన్నదానికన్న, ఎంత తప్పనిసరి అన్నదే నేరస్థుని ఆపుతుందని ఇటలీ దేశీయుడు బెకారియా 1764 లోనే వాదించినాడు. బీచి రోడ్డులో ఉరి తీయవలెనన్న మా విద్యార్థికి ఈ మాట చెప్పినాను. అతడు ఒప్పుకొనలేదు. "మీ చెల్లెలైతే అలాగే అంటారా సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు తేలిక కాదు. నా చెల్లెలైతే నేనూ ఉరే కోరుదును. అందుకే ఆ కేసులో తీర్పు చెప్పవలసినవాడను నేను కాకూడదు.

విమర్శ ఇంతటితో చాలును. చేయవలసినదేమో తెలియక చట్టాన్ని తిట్టుట మనకు అలవాటైపోయినది. కనుక పోక్సోలో మనం వాడుకొనక వదలిన భాగాన్ని కొంత వివరిస్తాను. నా దృష్టిలో ఆ చట్టంలోని గొప్పతనం శిక్షలలో లేదు, పసివారితో ఎట్లు మాట్లాడవలెనో చెప్పిన సెక్షన్లలో ఉన్నది.

ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చును. బిడ్డ తల్లిదండ్రులే కానవసరం లేదు. ఏ పోలీసు స్టేషనుకైనా వెళ్ళవచ్చును; 1098 కు గాని 112 కు గాని ఫోను చేయవచ్చును. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్దనో, బిడ్డ కోరినచోటనో తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని మహిళా అధికారి రావలెను. ఆమె యూనిఫారంలో రాకూడదు. ఏ కారణం చేతనైనను రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచరాదు. ఇరువది నాలుగు గంటలలో శిశు సంక్షేమ సమితికి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేయవలెను. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే, తల్లిదండ్రులో బిడ్డ నమ్మిన మరొకరో ప్రక్కన ఉండగా చేయవలెను. కోర్టులో నిందితుడు బిడ్డ కంట పడకూడదు. తెర గాని, వీడియో గాని ఏర్పాటు చేయవలెను. వకీళ్ళు బిడ్డను నేరుగా ప్రశ్నింపరాదు. ప్రశ్నలను న్యాయమూర్తికి ఇచ్చిన ఆయనే అడుగును. మాటిమాటికీ కోర్టుకు పిలువరాదు. నడుమ విరామాలివ్వవలెను. విచారణ అంతయు తలుపులు మూసి జరుగవలెను. 2020 మార్చిలో వచ్చిన నియమాల ప్రకారం కేసు పొడుగునా బిడ్డకు తోడుగా ఉండుటకు ఒక సహాయక వ్యక్తిని ఇవ్వవచ్చును. కేసు నడుస్తుండగనే తాత్కాలిక పరిహారం కూడ లభించును. ఈ సంగతులు తెలిసిన తల్లిదండ్రులు మన నగరంలో ఎందరు? పెదవాల్తేరులోనో గాజువాకలోనో పదిమందిని అడిగి చూడుడు. ఉరి వేస్తారని పదిమందీ చెప్పుదురు. పోలీసు మామూలు దుస్తులలో ఇంటికే వచ్చునని ఒక్కరు చెప్పిన అదృష్టమే.

ఉపాధ్యాయులమైన మాకు ముఖ్యమైన సెక్షను 19. నేరం జరిగినదని తెలిసిన ప్రతివాడూ చెప్పితీరవలెను. చెప్పకపోయిన ఆరు మాసాల వరకు ఖైదు. సంస్థ అధిపతి తన క్రింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన ఏడాది వరకు. మంచి మనస్సుతో చెప్పినవారిపై కేసు ఉండదు. చెప్పినది పొరపాటని తేలినను బిడ్డను శిక్షించుట ఉండదు.

ఈ సెక్షనుపై నాకు కొంత స్వంత అనుభవమున్నది. నా బాల్యంలో మా వీధిలో ఒకాయన సాయంకాలాలు పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ఒకనాటి నుండి ఒక చిన్నపిల్ల అక్కడికి వెళ్ళనని ఏడ్చినది. పెద్దలు కూర్చున్నారు. మమ్మల్ని బయటకు పంపి తలుపులు వేసినారు. వారం తిరుగక ముందే ఆయనచేత ఇల్లు ఖాళీ చేయించినారు. సమస్య తీరినదని అందరూ ఊపిరి పీల్చుకొనిరి. ఆయన మరొక పేటకు వెళ్ళి అక్కడ మరల పాఠాలు ఆరంభించినాడని చాలాకాలానికి తెలిసినది. మా పెద్దలు చెడ్డవారు కారు. ఆ పిల్ల పేరు బయట పడకూడదన్నదే వారి ఆరాటం. ఆ పేరు బయట పడకుండ కేసు నడుపుటకు తగిన చట్టం ఆనాడు లేదు. ఈనాడు 23 వ సెక్షను ఉన్నది. పేరు, బడి, వీధి ఏవి ప్రచురించినను శిక్ష.

మన కళాశాలకు ప్రత్యేకించిన చిక్కు ఒకటి చెప్పక తప్పదు. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థినీ విద్యార్థులలో అధికులు పద్దెనిమిదేండ్లు నిండనివారు. 2012 కు పూర్వం పదహారుగా ఉన్న సమ్మతి వయస్సు పోక్సోతో పద్దెనిమిది అయినది. పదిహేడేండ్ల పిల్ల, పంతొమ్మిదేండ్ల కుర్రవాడు ఇష్టపడి ఇల్లు విడిచినను, పిల్ల తండ్రి ఫిర్యాదుతో ఆ కుర్రవాడు పదేండ్ల శిక్షకు ఎదురుగా నిలబడును. లా కమిషన్ 2023 సెప్టెంబరులో ఇచ్చిన 283 వ నివేదికలో వయస్సును తగ్గింపవలదనియే సూచించినది. అయితే పదహారు, పద్దెనిమిదేండ్ల నడుమ నిజమైన ఇష్టం కనుపించిన కేసులలో న్యాయమూర్తికి కొంత విచక్షణ ఉండవలెనన్నది. శిక్షలు పెంచుకుంటూ పోయినప్పుడు ఆ బరువు పశుప్రాయుడైన నేరస్థునిపైననే కాక ఈ తెలివితక్కువ కుర్రవానిపై కూడ పడునని శాసనకర్తలు ఆలోచింపవలెను.

దిశ బిల్లు వెనుకనే మహారాష్ట్ర 2021 లో శక్తి బిల్లును, కోల్‌కతా ఆసుపత్రి దుర్ఘటన తరువాత పశ్చిమ బెంగాలు 2024 సెప్టెంబరులో అపరాజిత బిల్లును ఆమోదించినవి. ప్రతిసారీ ఒక ఘోరం, ఒక ఊరేగింపు, ఒక బిల్లు. పేర్లు కూడ ఎంతో అందమైనవి. అవి కూడ మన బిల్లు నడిచిన దారినే ఢిల్లీకి వెళ్ళినవి. మన నగరంలో రైల్వే స్టేషనులో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు నుండి వచ్చే రైళ్ళలో ఒంటరిగా దిగే పిల్లలను గమనించుటకు ఎందరు మనుషులున్నారు, పోక్సో కోర్టులో బిడ్డ కూర్చుండుటకు వేరు గది ఉన్నదా, సహాయక వ్యక్తులు ఎందరు నియమింపబడిరి అన్న ప్రశ్నలకు శాసనసభలో కరతాళధ్వనులు రావు. ఈ ప్రశ్నలు వేయుటకు సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయలు చాలును. మా సోషల్ సర్వీసు విభాగపు విద్యార్థులు ఈ యేడు ఆ దరఖాస్తు వ్రాయుటకు పూనుకొనిరి.

ఆ అర పేజీ వ్రాసిన విద్యార్థినిని మరునాడు, మా సహాధ్యాపకురాలు ఒకరు ప్రక్కన ఉండగా, పిలిచి మాట్లాడినాము. ఆమె ఏమి చెప్పినదో, తరువాత మేమేమి చేసితిమో ఇక్కడ వ్రాయుటకు వీలు లేదు. పోటీలో ఆ కాగితానికి బహుమతి రాలేదు. కనీసం నాలుగు పేజీలు ఉండవలెనన్నది నియమం.